పగడం కోసం సున్నుండలు

సింగపూర్‌లో మా బావమరిది బలవంతం మీద స్కూబా డైవింగుకి పడవెక్కాను. నా వీపుకి కట్టిన సిలిండరు బరువు చూస్తే, మా వీధి మొత్తానికి ఏడాది వంట సాగిపోతుంది.

పక్కన అరవై దాటిన శ్రీకాకుళం ఆంటీ. నలభై ఏళ్ళుగా సింగపూర్‌లోని బిషాన్ పేటలో కాపురం, అక్కడి వాళ్ళలాగే మాట చివర 'లా' అని తగిలిస్తుంది. "మా ఆయన కిందున్నారు తమ్ముడూ, చూసొద్దాం రా," అంది. నా ప్రాణం సగం అక్కడే పోయింది.

షిప్‌యార్డులో పనిచేసిన ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని సిమెంటులో కలిపి, పగడాలు పెరిగేలా ఆ దిమ్మను సముద్రం అడుగున పెట్టారట. "పక్క దిమ్మలన్నిటికీ పగడాలు పట్టాయి. ఈయనది రెండేళ్ళుగా బోడిగానే ఉంది లా! బతికున్నప్పుడూ అంతే, దేనికీ తొందర లేదు."

కింద నీళ్ళు చిక్కటి టీలా ఉన్నాయి. ఆంటీ టార్చి వేసి ఆయన దిమ్మను చూపించింది. దాని మీద గోరంత మచ్చ కనబడింది. పెద్దాయన మీద మురికేమిటని భక్తిగా గోకబోయాను. నా చేతి మీద పడిన దెబ్బ జకార్తా దాకా వినబడి ఉంటుంది.

పైకొచ్చాక ఆంటీ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "మురికి కాదయ్యా, పగడం పిల్ల! పట్టింది!" అని పడవంతా చాటింది. సంచిలోంచి సున్నుండల డబ్బా తీసింది. వచ్చిన ప్రతిసారీ తెచ్చి, మూత తీయకుండానే ఇంటికి పట్టుకెళ్ళేదట.

"నీకు రెండు," అంటూ నా చేతిలో పెట్టింది. "వచ్చే ఏడు మళ్ళీ రా, ఆయన ఎంత పెరిగారో చూద్దువుగాని. గోళ్ళు మాత్రం తీయించుకుని రా!"