ఎర్ర అక్షరాల్లో మా దుకాణం

ఇబ్రహీంపట్నంలో ఒక కాలేజీ ప్రహరీ గోడకు ఎదురుగా నాకో నెట్ సెంటర్ ఉంది. మూడు ల్యాప్‌టాప్‌లు, ఒక ప్రింటర్, నా కుర్చీ. ఇంట్లో ఎక్కడ కూర్చున్నా ఎవరో ఒకరు ఏదో పని చెప్పి లేపుతారు. ఈ కుర్చీలోంచి నన్ను లేపేవాళ్లు లేరు. గోడ అవతలి భూమి ఒకప్పుడు మా నాన్నది, మా బాపుది. కందులు వేసే చెలక నేల. ఆయన అమ్మేశాక అక్కడ కాలేజీ లేచింది.

దుకాణం తెరిచినప్పుడు వైఫైకి కాలేజీ పేరే పెట్టాను. మా దగ్గర అందరూ చేసేది అదే. కొంగరకలాన్‌లో కలెక్టర్ ఆఫీసు వచ్చిందో లేదో, టీ కొట్టుకూ జిరాక్స్‌కూ, చివరికి చికెన్ సెంటర్‌కూ కలెక్టరేట్ పేరు తగిలించారు. ఎవరూ ఏమీ అనుకోరు. తెలిసిన పేరు ఫోన్లో కనబడితే పిల్లలు నమ్మకంగా వస్తారనుకున్నాను. వచ్చారు కూడా.

ఈ వానాకాలం మొదట్లో నెట్ తెగిపోవడం మొదలైంది. ఫోన్ కలుస్తుంది, వెంటనే ఊడిపోతుంది. హాల్ టికెట్ సగం దిగి ఆగిపోతుంది. నెట్ కంపెనీ అతను వచ్చి వైఫై డబ్బా మార్చాడు, వైరు మార్చాడు. పాత గిరాకీల ఫోన్లు వాటంతటవే కలవాలని, ప్రతిసారీ నేనే గుర్తుచేసి పాత పేరే పెట్టించాను. మళ్లీ అదే గోస. ప్రింట్ల కోసం వచ్చిన పిల్లలు కాసేపు చూసి వెళ్లిపోతుంటే నాకు ఏడుపు తన్నుకొచ్చేది.

మా ఆయన ఎల్బీనగర్‌కు షేర్ ఆటో నడుపుతాడు. మంచివాడే, ఓపికే తక్కువ.

"బంద్ చెయ్ ఇగ. మందుల కంపెనీ బస్సు మన మూల మీదికే వస్తది. పోయి పనిల చేరు."

"జర ఆగు. దసరా దాకా చూస్త."

"ఏం చూస్తవ్? ఈగలు కొట్టుకుంట కూసుంటవా?"

అన్నం కంచం పక్కకు నెట్టేశాను. ఆయన అన్నది నిజమని ఒళ్లు మండింది.

మర్నాడు తుర్కయాంజాల్ అబ్బాయి ఒకడు ఆధార్ జిరాక్స్‌కు వచ్చాడు. కాలేజీలో ఈ వానాకాలమే పెట్టిన కొత్త వైఫై డబ్బాలు చూసుకునే టెక్నీషియన్. అడగకుండానే వాటి గొప్పలు చెప్పుకొచ్చాడు.

"గవి మామూలువి గావక్కా. వేరే కరెంటు వైరే అక్కర్లేదు, నెట్ వైరులనే కరెంటు గూడ పోతది. క్లాసు మొత్తం ఒక్కదానికే కలిసినా ఆగదు. ఫోన్ మాట్లాడుకుంట గీ బ్లాకు నుంచి గా బ్లాకుకు పోయినా కట్ గాదు. సార్లకు వేరే తొవ్వ, పిల్లలకు వేరే తొవ్వ. ఇంకోటి సూడు. ఎవడన్న కాలేజీ పేరు పెట్టుకొని దొంగ వైఫై నడిపితే అదే పసిగడ్తది. దానికి ఎవరు కలిసినా కలిసినట్టే తెంపేస్తది. గిక్కడే ఎవడో ఉన్నడు."

తన ఫోన్ చూపించాడు. ఎర్ర అక్షరాల్లో కాలేజీ పేరు, అంటే నా దుకాణం.

"ఎవడో కాదు తమ్మీ, నేనే."

అతని మొహం మాడిపోయింది. "అయ్యో అక్కా!"

"దాన్ని బంద్ పెట్టరాదా?"

"నా చేతుల లేదక్కా. పేరు మార్చు, మల్ల నీ జోలికి రాదు."

దొంగ అన్న మాట నన్ను కోసేసింది. కంది చేలో మంచె మీద కూర్చుని మా బాపు అడవిపందుల్ని తరిమేవాడు. ఇప్పుడు అదే చోట ఒక తెల్ల డబ్బా కూర్చుని నన్ను తరుముతోంది.

అతని ముందే పేరు మార్చాను. మరో పేరు తోచలేదు, బాపు పేరే పెట్టాను. ఎర్ర అక్షరాలు పోయాయి. ఆ రోజంతా నెట్ ఒక్కసారీ తెగలేదు. సాయంత్రం ఆటో దిగిన మా ఆయన, దుకాణంలో పిల్లల్ని చూసి, కంపెనీ బస్సు మాట ఎత్తలేదు.

వాళ్లలో ఒక అమ్మాయి ఫోన్ చూస్తూ అడిగింది.

"అక్కా, గీ పేరు ఎవరిది?"

నీ క్లాసు కింద ఉన్న చెలక ఎవరిదో ఆయనదే అని చెప్పబోయాను. ఆ పిల్ల అప్పటికే ఫోన్లో తల దూర్చేసింది. ఎన్ని ప్రింట్లు కావాలో అడిగాను.