రెండు ఊళ్లకు ఒకే గొంతు

ఆ ఏడాది మా లండన్‌లో స్టూడెంట్లు దిగని బేస్‌మెంట్ లేదు. మా ఇంట్లోనూ ముగ్గురుండేవాళ్లు. వాళ్లలో కరీంనగర్ అమ్మాయికి కాఫీ షాపు పని తప్పి యూనివర్సిటీలో పార్ట్‌టైమ్ దొరికింది. అమెజాన్ అడవిలో ఒకే నది ఒడ్డున, పైన ఒకటి కింద ఒకటి ఉన్న రెండు ఊళ్ల రికార్డింగులు విని, పదాలు పట్టికలో ఎక్కించాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్‌తో పైకొచ్చింది.

"అంకుల్, రెండూ ఒకటే భాష. ఒక్క పదం తేడా లేదు. రేపు అదే రాసిచ్చేస్తా. ఈ పని అయితే వచ్చే టర్మ్ కూడా ఉంచుకుంటానన్నరు ప్రొఫెసర్."

తేడా లేకపోవడమే నాకు నచ్చలేదు. నేను పేపర్లో డెస్కు మీదున్నప్పుడు రెండు మండలాల నుంచి అచ్చం ఒకేలాంటి వార్త వస్తే పక్కన పెట్టేవాణ్ణి. బస్టాండు టీకొట్టులో ఒక విలేకరి రాస్తే, రెండోవాడు ఊరి పేరు మార్చి పంపేవాడు.

"పట్టికలో పై ఊరి భాషకి వేరే పేరుందే, అదెవరు పెట్టారు?"

"కింద ఊరివాళ్లు అట్ల పిలుస్తరంట."

"పై ఊరివాళ్లు తమ భాషని ఏమంటారు మరి?"

"రాయలేదు. మీ కోస్తావాళ్లు మాది యాస అన్నట్టే అయ్యుంటది లెండి."

వంటింట్లో మా ఆవిడ పకపకా నవ్వింది.

రెండు రికార్డింగులూ పెట్టమన్నాను. మాటలు నాకేం తెలుస్తాయి? గొంతులే విన్నాను. మొదటిదాంట్లో ఒక ముసలాయన, ప్రతి పదానికీ ముందు గొంతు సవరించుకుంటున్నాడు. రెండోదాంట్లో దూరంగా ఒక ముసలమ్మ ఏదో అంటోంది, సరిగా వినబడటం లేదు. వెంటనే మైకు దగ్గర, గొంతు సవరించుకుని, అదే ముసలాయన.

"ఈయన ఇక్కడేం చేస్తున్నాడు?"

అమ్మాయి నోట్సు వెతికింది. కింద ఊరాయన. రికార్డు చేసేవాళ్ల వెంట పై ఊరికి దుబాసీగా వెళ్లాడు. ముసలమ్మ చెప్పిన ప్రతి పదాన్నీ తన ఊరి మాటలో మళ్లీ చెప్పాడు. స్పష్టంగా వినబడింది కదా అని అమ్మాయి దాన్నే ఎక్కించింది.

"ఇప్పుడిది చెప్తే నన్ను తీసేసి ఇంకొకర్ని పెట్టుకుంటరేమో."

చెప్పమని నేనెలా అంటాను? పోతే పోయేది నా ఉద్యోగం కాదు.

అమ్మాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ముసలమ్మ గొంతే చాలాసేపు వింది. "నీళ్లకి ఆమె వేరే మాట అంటున్నది అంకుల్," అంది. నన్ను అడగకుండానే ప్రొఫెసర్‌కి మెయిల్ కొట్టేసింది.

సోమవారం సాయంత్రం నేరుగా మా తలుపు కొట్టింది. 'ఒకటే భాష' అని రాయాల్సిన గడి ఖాళీగా ఉంచమన్నారట ప్రొఫెసర్. ముసలమ్మ గొంతు మొదటినుంచీ వినమన్నారట.

"వచ్చే టర్మ్ సంగతి?"

"చూద్దామన్నరు."

ఆ మాట నేను ఆఫీసులో చాలామంది నోట విన్నాను. కాఫీ షాపు టోపీ ఇంకా ఉందా అని అడిగాను. ఉందంది. పారెయ్యొద్దన్నాను.