నాయకుడొస్తేనే నీళ్ళు

మా ఎదురింటి పెద్దమ్మ పోయింది. గుంటూరు ఆస్పత్రి నుంచి ఆవిడ కోడలు ఫోను చేసేసరికి నేను షాపు షట్టరు ఎత్తుతున్నాను. "అన్నా, అత్తయ్య పోయింది" అని, "బండి మాట్లాడుకొని బయల్దేరతన్నాం. ఇంటి ముందు షామియానా వేయించు" అంది. ఊపిరితిత్తుల జబ్బని డాక్టరు రాశాడట. రాసేముందు చుట్ట అలవాటుందా, కట్టెల పొయ్యి మీద వండేదా అని అడిగాడట. రెండూ లేవంది కోడలు. ఏ ఊరని అడిగి, ఊరి పేరు విన్నాక ఇంకేమీ అడగలేదట.

ఆ ఊరి పేరు నేనిక్కడ రాయను. రాస్తే ఏదో ఒక ఆఫీసులో ఎవరో ఒకరు నొచ్చుకుంటారు, నాకేమో మందుల షాపు లైసెన్సు ఉంది. పల్నాడులో ఒక మోస్తరు పట్నం అనుకోండి. సత్తెనపల్లి బస్సులూ గురజాల బస్సులూ ఆగే ఊరు. కంకర, సున్నపురాయి మోసే టిప్పర్లు ఊరి బయటినుంచి పోవాలని కొన్నేళ్ళ క్రితం బైపాసు మొదలుపెట్టారు. సగం వేసి వదిలేశారు. ఆ మిగతా సగం మా వీధి. తారు ఎప్పుడో లేచిపోయింది. టిప్పరు టిప్పరుకీ తెల్లటి దుమ్ము లేచి, అది సర్దుకునేలోపు ఇంకో టిప్పరు వస్తుంది. ఇది రాస్తున్న రోజుకీ అంతే.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. వీధిలో అందరికీ పెద్దమ్మే. ఆవిడ భర్త ఒకప్పుడు వార్డు కౌన్సిలరు. ఆయన పోయాక కూడా ఆ ఇంటి అరుగు మీద రాజకీయం ఆగలేదు. రెండు పార్టీలవాళ్ళూ వచ్చి కాఫీ తాగిపోయేవారు. ఆవిడ పుట్టిల్లు నూజెండ్ల వైపు. నోరు పెద్దది, మనసు దానికంటే పెద్దదని చెప్పాలని ఉంది గానీ, ఆ మాట వింటే ఆవిడే నవ్వుతుంది. నోరు మాత్రం పెద్దదే.

రోజూ పొద్దున్నే మా షాపుకొచ్చి గాజు కౌంటరు మీద వేలితో 'శ్రీ' అని రాసేది. నేను అప్పుడే తుడిచి ఉండేవాణ్ణి. అయినా అక్షరం చక్కగా పడేది. "మళ్ళీ తుడువు" అని, తన పీల్చే మందు తీసుకునేది. ఆ మందు ఖరీదు పెరిగినప్పుడల్లా నావైపు అనుమానంగా చూసేది. "ఏరా అబ్బాయ్, ఆ టిప్పర్లోళ్ళకి నువ్వేమన్నా నెలనెలా ముట్టజెబుతున్నావంట్రా?" అనేది. నవ్వేవాణ్ణి. మా వీధి దగ్గుల వల్లే నా షాపు నడుస్తుందన్నది నిజమే, దాచి లాభం లేదు.

ఆవిడ మేడ మీద వడియాలు పెట్టడం మానేసి చాలా కాలమైంది. కొన్న వడియాలు వేయించిన రోజున ఆ ఇంట్లో ఎవరూ భోజనం మెచ్చుకోకూడదు. తులసి మొక్క ఆకుల్ని మాత్రం రోజూ తడిగుడ్డతో ఒక్కొక్కటే తుడిచేది. "నాకైతే నువ్వు మందిస్తన్నావు, దానికెవరిస్తారు?" అనేది. ఇంటికొచ్చిన వాళ్ళకి ముందు పాతగుడ్డ ఇచ్చి, తర్వాత కుర్చీ చూపించేది. ఎవరు కూర్చోబోయే కుర్చీ వాళ్ళే తుడుచుకోవాలి, కలిగినవాడికైనా లేనివాడికైనా అదే మర్యాద.

మొదట్లో అందరిలాగే అర్జీ పెట్టింది. అర్జీలు తీసుకునే సోమవారం నాడు ఆటో మాట్లాడుకుని వెళ్ళి, వరసలో నిలబడి, ఇచ్చి వచ్చింది. కొన్నాళ్ళకి ఫోనుకి మెసేజి వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. పెద్దమ్మ ఆ ఫోను పట్టుకుని వీధంతా తిరిగింది.

"ఏమే, మీ ఇంటికేమన్నా వచ్చిందా పరిష్కారం?" అని గుమ్మం గుమ్మానికీ అడిగింది. "మా ఇంటికి రాలా. దారి తప్పి మీ ఇంటికొచ్చిందేమో కనుక్కుందామని."

వాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. మళ్ళీ వెళ్ళి రెండో అర్జీ పెట్టింది. ఇది ఇదివరకే పరిష్కారమైన సమస్య కనుక మూసివేయడమైనది అని ఈసారి ఇంకా తొందరగా వచ్చింది.

నీళ్ళ సంగతి ఆవిడ మనవరాలి ఓణీల ఫంక్షనప్పుడు బయటపడింది. అప్పట్లో అధికారంలో ఉన్న పార్టీ నాయకుణ్ణి పిలిచారు. ఆయన రావడానికి కాస్త ముందు మున్సిపాలిటీ టాంకరు వచ్చి, మలుపు నుంచి ఆ చివరి దాకా వీధిని తడిపి పోయింది. ఆయన వెళ్ళేదాకా టిప్పర్లను కూడా ఎక్కడో ఆపేశారు. అన్నేళ్ళలో మొదటిసారి ఆ పూట మా వీధిలో తడిమట్టి వాసన వచ్చింది. ఫంక్షనుకు వచ్చిన వాళ్ళు భోజనాల దగ్గర ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టుకోకుండా తిన్నారు. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని పీల్చే మందు లేకుండా సాయంత్రం గడిపింది.

మర్నాడు వీధిలో ఆడవాళ్ళందర్నీ అరుగు మీదికి పిలిచింది. "ఎవరెవరింట్లో ఏమేం శుభకార్యాలున్నాయో చెప్పండమ్మా. అన్నీ ఒక్క నెల్లో పెట్టమాకండి. ఎండాకాలమంతా వచ్చేట్టు సర్దుకుందాం" అంది.

మా వైపు ఇది వినడానికి వింతేమీ కాదు. పల్నాడులో నాయకుడు రాని ఫంక్షను లెక్కలోకి రాదు, ఫంక్షన్లకి రాని నాయకుడూ లెక్కలోకి రాడు. పిలిస్తే వస్తారు, అక్షింతలు వేస్తారు, ఫొటో దిగుతారు, పోతారు. పెద్దమ్మ చేసిందల్లా దానికొక వరస పెట్టడమే. ఒకరింట్లో బారసాల, ఇంకొకరింట్లో చెవులు కుట్టడం, ఏమీ లేనివాళ్ళు మేడ మీద వేసిన ఒంటిగదికి గృహప్రవేశం. చివరింటి టీచరమ్మ రిటైరైనప్పుడు వాళ్ళింట్లో కృతజ్ఞత కూడిక పెట్టారు. నాయకుడు వచ్చి, తల వంచుకుని ప్రార్థనలో నిలబడి, కేకు తిని వెళ్ళాడు. పాస్టరుగారు ఆ రోజు తడిసిన వీధి కోసం కూడా దేవుడికి స్తోత్రం చెప్పారు. పెద్దమ్మ అందరికంటే గట్టిగా ఆమెన్ అంది.

అవతలి పార్టీ నాయకుణ్ణి పిలిచినప్పుడు మాత్రం టాంకరు రాలేదు. ఆ ఫంక్షను దుమ్ములోనే అయింది. తర్వాత ఎన్నికలొచ్చి ఆ అవతలాయనే ఇవతలాయన అయ్యాడు. ఆయనకి ఆ దుమ్ము గుర్తుండే ఉంటుందని మేమనుకున్నాం. గుర్తున్నట్టు లేదు. పెద్దమ్మ పిలుపులు ఆయనకి మళ్ళించింది. టాంకరు అదే, డ్రైవరూ అతనే.

మధ్యలో ఒకసారి గాలిని కొలుస్తామని ఒక వ్యాను వచ్చింది. దానికి ముందు టాంకరు వచ్చింది. తడిసిన రోడ్డు పక్కన మిషను నిలబెడుతుంటే పెద్దమ్మ చేతికర్ర పట్టుకుని వెళ్ళి అడ్డం నిలబడింది.

"పెళ్ళిచూపులకి పౌడరు కొట్టినట్టు రోడ్డుకి నీళ్ళు కొట్టి మిషను పెడతన్నారా నాయనా? రేపొచ్చి పెట్టండి, ఉత్తినే చెప్పాపెట్టకుండా" అంది.

ఆ అబ్బాయి మంచివాడే. "మా పని కొలవడం వరకేనండీ" అన్నాడు. కొలిచారు. గాలి సంతృప్తికరంగా ఉందని పేపర్లో పడింది. పెద్దమ్మ ఆ పేపరు నా కౌంటరు మీద పరిచి, "ఎవరికిరా సంతృప్తి?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. "కళ్ళు మూసుకోమన్నారు, మూసుకున్నాం. నోరు మూసుకోమన్నారు, నీబోటోళ్ళు మూసుకున్నారు. ముక్కెట్టా మూసుకోనురా?" అంది. అప్పటికే ఆవిడ ఒక వాక్యం మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంటోంది.

మనవడి పెళ్ళికి నాయకుడు ఇంటికి వచ్చినప్పుడు, ఈసారి నేరుగా ఆయనతోనే చెప్పాలనుకుంది. పక్కన కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని మొత్తం చెప్పింది. బైపాసు, టిప్పర్లు, దుమ్ము, తన ఆయాసం, పక్కింటి పసిపిల్ల దగ్గు. ఆయన శ్రద్ధగానే విన్నాడు. నేను అక్కడే ఉన్నాను.

"ఏంది పెద్దమ్మా నువ్వు చెప్పేది?" అన్నాడు ఆయన. "నేను మీ వీధికి ఎన్నిసార్లు రాలేదు? వచ్చినప్పుడల్లా చూస్తన్నాగా. మా ఇంటి ముందు కూడా ఇంత చల్లగా ఉండదు. వేరే వార్డోళ్ళు చెబితే నమ్ముతా గానీ... ఆయాసం అంటావా, పెద్దతనం. మంచి డాక్టరు దగ్గరికి పంపిస్తాలే."

ఆయన అబద్ధమాడలేదు. ఆయన మా వీధిలో దుమ్ము చూసింది అధికారం లేని రోజుల్లో ఒక్కసారి. ఆ తర్వాత చూడలేదు, మేం చూడనివ్వలేదు. పెద్దమ్మ గుమ్మంలోంచి బయటికి చూసింది. వీధి తడిగా, శుభ్రంగా, నిజంగానే చల్లగా ఉంది.

పెళ్ళి సందడి తగ్గాక షాపుకొచ్చి స్టూలు మీద కూర్చుంది. 'శ్రీ' రాయలేదు.

"ఎవడైనా కళ్ళల్లో దుమ్ము కొడతాడు. మనం నీళ్ళు కొట్టాం గదరా" అంది.

"పోనీలే పెద్దమ్మా, ఆ కాసేపైనా ఊపిరాడిందిగా" అన్నాను.

"ఆ కాసేపు కోసం ఏడాదంతా అమ్ముకున్నాం."

ఆ రోజుతో పిలుపులు ఆపించింది. అప్పటికే వంతు వచ్చిన ఇల్లాలు ఒకావిడ అలిగింది కూడా. "అందరివీ అయ్యాక మా వంతుకే గుర్తొచ్చిందా నీకు న్యాయం?" అని అరుగు దగ్గరికొచ్చి కడిగేసింది. ఆ ఇంటి బారసాల దుమ్ములోనే జరిగింది. పెద్దమ్మ వెళ్ళి ఉయ్యాల మీద చీర కప్పి పట్టుకుని, పిల్లకి పేరు పెట్టేదాకా అలాగే నిలబడింది.

తర్వాత ఏడాది ఆవిడ మంచం దిగలేదు. నేను మందులివ్వడానికి వెళితే కోడల్ని కూడా పిలిచి కూర్చోబెట్టింది. కొంత మాట్లాడి, కొంత ఊపిరి తీసుకుని, నిదానంగా చెప్పింది.

"నే పోతే వాడు పిలవకుండానే వస్తాడు. చావుకి పిలుపులుండవుగా. ఆ రోజు మాత్రం టాంకరుని రానీయమాకండి. బతికుండగా మనం పీల్చే గాలి వాడికి ఒక్కసారన్నా తగలాల. నాకు అంతకుమించి ఏం అక్కర్లా."

"అట్టాంటి మాటలేంది అత్తయ్యా" అని కోడలు కోప్పడింది. నాకు ఏడుపొచ్చింది. మందుల చీటీ చదువుతున్నట్టు తల వంచుకున్నాను.

కోడలి ఫోనొచ్చిన రోజు మధ్యాహ్నానికి ఆవిణ్ణి తీసుకొచ్చారు. షామియానా కింద, వీధి పక్కగా, ఫ్రీజరు పెట్టెలో పడుకోబెట్టారు. కోడలు పెట్టె పక్కనే కూర్చుని, వచ్చినవాళ్ళకి ముఖం కనపడేలా పైన గాజుని తడిగుడ్డతో తుడుస్తూనే ఉంది. టిప్పర్లు వస్తూనే ఉన్నాయి. పరామర్శకి నాయకుడు బయల్దేరాడని కబురొచ్చింది. ఆ వెనకే మలుపు దగ్గర టాంకరు కనపడింది.

కోడలు మెత్తని మనిషి. అత్తగారి ఎదుట గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. గుడ్డ అక్కడే పెట్టి లేచి, టాంకరు ముందుకు వెళ్ళి నిలబడింది. నేనూ వెళ్ళాను. వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు.

"అన్నా, వెనక్కి తిప్పు" అంది కోడలు.

"పైనుంచి ఫోనమ్మా. ఆయనొచ్చేలోపు తడపకపోతే నన్ను తిడతారు" అన్నాడు డ్రైవరు.

"మా అత్తయ్య వద్దని చెప్పిపోయింది. ఇన్నాళ్ళూ తడిపావు, నీకు పుణ్యముంటది. ఈ ఒక్క పూటా వద్దు."

డ్రైవరు షామియానా వైపు చూశాడు. అతను ఆ ఇంట్లో చాలా ఫంక్షన్లకి భోజనం చేశాడు. కిందికి దిగి, వెళ్ళి పెట్టెకి దండం పెట్టుకుని వచ్చాడు. "టైరు దిగిపోయిందని చెబుతాలే" అని బండి వెనక్కి తీసుకున్నాడు.

కాసేపటికి నాయకుడు వచ్చాడు. తెల్లచొక్కా, భుజం మీద కండువా, చేతిలో పూలదండ. కోడలు లేచి నమస్కారం పెట్టి, తడిగుడ్డని ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ కూర్చుంది. ఆయన దండ పెట్టె మీద ఉంచి, ముఖం చూడ్డానికి వంగాడు. గాజంతా తెల్లగా ఉంది. ఎవరైనా తుడుస్తారేమోనని అటూ ఇటూ చూశాడు. మేమెవరం కదల్లేదు. చివరికి తన కండువా కొసతోనే తుడిచాడు. తుడిచినంత మేర పెద్దమ్మ నుదురు, మూసిన కళ్ళు కనపడ్డాయి. ఆయన కండువా కొసని చూసుకున్నాడు. అంతలో టిప్పరు పోయింది, ఆయనకి దగ్గు తెర వచ్చింది. మా ఊరి దగ్గే అది, తొందరగా ఆగదు.

"రోజూ ఇట్టాగే ఉంటదా అమ్మా?" అని అడిగాడు ఊపిరి తీసుకున్నాక.

"మీరు రాని రోజుల్లో ఉంటదన్నా" అంది కోడలు.

ఆయన వెంట వచ్చినవాళ్ళు పోదామన్నట్టు కారు వైపు జరిగారు. ఆయన కదల్లేదు. మలుపులో ఇంకో టిప్పరు తిరిగి, మా ముందునుంచి మోతగా పోయింది. గాజు మీద కళ్ళూ నుదురూ మళ్ళీ మసకబారి కనపడకుండా పోయాయి. ఆయన కండువాలో శుభ్రంగా ఉన్న చోటు వెతుక్కుని, వంగి, మళ్ళీ తుడవసాగాడు.