బొట్టు లేని ముఖం ఎదురొచ్చిన పొద్దు

పసుపు ఉడికిందో లేదో చెప్పడానికి నాకు ఒక చీపురు పుల్ల చాలు. బాయిలర్ డ్రమ్ములోంచి ఒక కొమ్ము తీసి గుచ్చితే పుల్ల నెమ్మదిగా అవతలికి దిగాలి. మధ్యలో ఆగితే ఇంకా ఉడకాలి. ఊరికే జారిపోతే మెత్తబడినట్టు, ఇక ఆ కొమ్ముకు రంగుండదు. ఆర్మూరు చుట్టుపక్కల పసుపు తవ్వకాలు మొదలయ్యాయంటే ఈ పని కోసం నన్ను వెతుక్కుంటూ వస్తారు. కానీ ఏర్గట్ల దారిలో ఉన్న ఒక పటేల్ కల్లంలోకి మాత్రం నేను చాలా ఏళ్ళు ముందు గేటు నుంచి వెళ్ళలేదు.

కారణం నా నుదురు. బాప్తిస్మం తీసుకున్నాక నేను బొట్టు మానేశాను. మా ఆయన నిక్షేపంగా ఉన్నాడు, ట్రాక్టర్ నడుపుతాడు, కూరలో ఉప్పు తగ్గితే ఇల్లు పీకి పందిరేస్తాడు. అయినా సరే, బొట్టు లేని ఆడది ఎదురొస్తే కీడట. బాయిలర్‌ను ఆ ఏడాదికి మొదటిసారి వెలిగించే పొద్దున పటేల్ భార్య దానికి కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కూలికి వచ్చిన ఆడవాళ్ళందరికీ తన చేత్తో బొట్టు పెడుతుంది. అంతసేపూ నేను వెనకాల బర్ల కొట్టంలో కూర్చోవాలి. నాకు తోడు పటేల్ తల్లి. భర్త పోయిననాటి నుంచి ఆమెకూ అక్కడే చోటు. నేను నమ్మకంతో తీసేసిన బొట్టును ఆమెకు నలుగురూ చేరి తుడిచేశారు. ఆమెకు పోచమ్మ, నాకు యేసయ్య. ఆ సంగతి ఒకరి దగ్గర ఒకరం దాచలేదు, వాదులాడుకోనూ లేదు. కాయ కొట్టాక పిలుపు వస్తే పనిలోకి వెళ్ళేదాన్ని. అది నా సహనమని గొప్పగా అనుకునేదాన్ని. నిజానికి అది ఉత్త భయం.

ఒక ఏడు మా ముఠా పెద్ద, అంటే మా కూలీలను జమచేసే ఆమె, నా మీద జాలిపడింది.

"గీ బొట్టు స్టిక్కరు జర పెట్టుకో పిల్లా. కాయ కొట్టినంక పీకి పారెయ్. మీ దేవుడు గంతల్నే కోపానికొస్తడా?"

పెట్టుకున్నాను. పటేల్ భార్య ఎంత మురిసిపోయిందో చెప్పలేను. "గిప్పుడెంత మంచిగున్నవే" అంటూ నాకు రెండు అరటిపండ్లు ఎక్కువ ఇచ్చింది. పని హడావిడిలో ఆ బిళ్ళ తీయడం మర్చిపోయాను. సాయంత్రం అలాగే చర్చిలో స్త్రీల కూడికకు వెళ్ళి, ముందు వరసలో కూర్చుని, గొంతెత్తి పాట కూడా అందుకున్నాను. పాట సగంలో పక్కామె మోచేత్తో పొడిచింది. పాస్టరు గారి భార్య నన్నేమీ అనలేదు గానీ, ఆ పూట వాక్యమంతా అటూ ఇటూ కాని నులివెచ్చని విశ్వాసుల గురించే చెప్పింది, నా ముఖంలోకే చూస్తూ.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే ఒళ్ళు మండిపోయింది. అక్కడ వాళ్ళకు నా నుదురు నిండుగా ఉండాలి, ఇక్కడ వీళ్ళకు ఖాళీగా ఉండాలి. దాని మీద పెత్తనం లేనిదాన్ని నేనొక్కదాన్నే. బిళ్ళ పీకి పారేశాను. కూడికలో తలవంపులు అయినందుకు కాదు. నేను నమ్మినవాడు నన్ను దొడ్డిదారిన రమ్మని ఎన్నడూ చెప్పలేదు. ఇక ఆ కొట్టంలోకి వెళ్ళనని మా ఆయనతో చెప్పాను.

"పటేల్‌తోని మనకెందుకే? సీజన్ పని మొత్తం పోతది" అన్నాడు.

పోతే పోనీ అన్నాను. అన్నాను గానీ, ఆ పని లేకపోతే మా ఇల్లు ఎలా గడుస్తుందో నాకు తెలుసు.

మరుసటి ఏడు ఖాళీ నుదురుతో ముందు గేటు తోసుకుని లోపలికి నడిచాను. పటేల్ భార్య హారతి పళ్ళెం పట్టుకుని అప్పుడే బాయిలర్ ముందుకు వచ్చింది.

"ఏందే గిది? ఎనుకకు పో. బొట్టులేని మొకం ఎదురంగ పెట్టుకొని ఎవలన్న వెలిగిస్తరా?"

"పని చెయ్యమంటె ఈడ్నే నిలవడి చేస్తనమ్మా. వద్దంటె ఇంటికి పోత. కొట్టంలకైతే పోను."

ముఠా పెద్ద నా కొంగు పట్టి లాగింది. పటేల్ ఫోనులో ఏదో చూసుకుంటున్నట్టు నటించాడు.

"అయితే పో" అంది ఆవిడ.

గేటు వైపు తిరిగాను. అంతలో కొట్టం దిక్కు నుంచి ముసలామె కర్ర ఊతంగా నడుచుకుంటూ కల్లం మధ్యకు వచ్చేసింది.

"ఆగు పిల్లా, నేను గూడ వస్తున్న" అని కోడలి వైపు చూసింది. "నా మొకం గూడ గసోంటిదే గదనే. మీ మామ పోయినకాంచి నా ఇంట్ల నేనే దాక్కుంటున్న. గీ పసుపు నా చెల్కల పండింది. వెలిగిస్తె మా ఇద్దరి ముంగట వెలిగియ్యి. లేకుంటె నేను గూడ గీ పిల్ల ఎంబడి నడుస్త."

చివరికి పటేల్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "వెలిగియ్యుండ్రి" అన్నాడు.

ముసలామెకు బాయిలర్ పక్కనే కుర్చీ వేశారు. ఎన్నేళ్ళకో ఆ పొద్దు ఎండలో కూర్చుందేమో, ఆమె నోటికి అడ్డే లేకపోయింది. పెనిమిటితో కలిసి కడాయిల్లో పసుపు ఉడకబెట్టిన రోజులన్నీ చెప్పుకొచ్చింది. నేనూ నవ్వుతూ వింటూ ఉండిపోయాను. తీరా మొదటి డ్రమ్ము దింపించి కొమ్ము పట్టుకుంటే వేళ్ళ మధ్య మెత్తగా నలిగిపోయింది. డ్రమ్ము డ్రమ్మంతా అంతే.

కల్లంలో ఉన్న అందరి కళ్ళూ నా నుదుటి మీదికే వచ్చాయి. పటేల్ భార్య ఇక ఊరుకుంటుందా? "సూసిండ్రా? నేను జెప్తే ఇన్నరా?" అంది.

తప్పు బాయిలర్ నడిపే అతని మీదికి తోసేయవచ్చు. మంట ఎక్కువైందంటే నమ్మేవాళ్ళు కూడా. ముసలామె బిక్కముఖం వేసి నా వైపు చూసింది. నాకు కోపమూ వచ్చింది, ఎందుకో ధైర్యమూ వచ్చింది. కల్లం చివరనున్న వాళ్ళకు కూడా వినపడేలా చెప్పాను.

"తప్పు నాదే అమ్మా. మాటల్లవడి యాది మర్చిన, దింపుడు లేటయింది. నన్ను తిట్టుండ్రి, పడ్త. నా నొసలును మాత్రం ఏమనకుండ్రి."

రెండో డ్రమ్ము ఎక్కించమన్నాను.