మాబు సాహెబ్ ఎస్టీమ్ చప్పుడు

“ఫోనులో పెట్టించింది నువ్వు, రమ్మన్నది నువ్వు, అమ్ముకునేదీ నువ్వే అమ్ముకో! తాళం మాత్రం నేనియ్యను.”

“తాళం పెట్టుకుని ఏం చేస్తావయ్యా? పక్షవాతం వచ్చి కుడికాలు ఈడుస్తున్నావు. నువ్వు నడిపితే బ్రేకు నేనొచ్చి తొక్కనా?”

“తొక్కు. ఇన్నేళ్లూ నన్ను తొక్కలా?”

రేకుల గేటు బయట శ్యామ్ సుందర్ ఆగిపోయాడు. లోపలికి పోవాలో వెనక్కి తిరగాలో తేలలేదు. నల్లపాడు నుంచి పర్చూరు దాకా బైక్ మీద ఎండలో వచ్చి, అక్కడి నుంచి మిరప కల్లాల ఘాటుకి తుమ్ముకుంటూ ఈ ఊరు చేరాడు. ఇంజనీరింగ్ మధ్యలో మానేసినప్పటి నుంచి ఏ పనిలోనూ కుదురుగా నిలిచింది లేదు. వాళ్లమ్మ క్రిస్టీనా టీచరు ప్రతి ఆదివారం వాడి పేరు చెప్పి చర్చిలో ప్రార్థన చేయిస్తుంది. వాడికి మాత్రం కావలసింది ఒక్కటే, బాగా పరిగెత్తేలా ఇంజను మార్పించిన పాత మారుతి ఎస్టీమ్ కారు. పాత బండ్లు అమ్మే యాప్‌లో ఎవరో ముదస్సిర్ అని తారురోడ్డు మీద తీసి పెట్టిన చిన్న వీడియోలో ఈ కారు చప్పుడు విన్నాడు. ఆ పూటంతా అదే మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్నాడు.

మళ్లీ తుమ్మొచ్చింది. గేటు తెరుచుకుంది.

“కారు కోసమా నాయనా? రా, రా. ముదస్సిర్ మా తమ్ముడి కొడుకులే.” గేటు తీసిన నసీమున్నీసా ముఖంలో అప్పటిదాకా పోట్లాడిన ఛాయ కూడా లేదు. “ఈయన మాటలు పట్టించుకోకు.”

మంచం మీద కూర్చున్న ఆమె మొగుడు మాబు సాహెబ్ అతన్ని బూట్ల నుంచి జుట్టు దాకా చూశాడు. “ఏం చదివావు?”

“మానేశానండీ.”

“ఎందుకు?”

“నచ్చలా.”

“మంచిది. కథలు చెప్పలా,” అన్నాడు ముసలాయన.

పాకలో పత్తికట్టె మోపుల పక్కన పట్టా కప్పి ఉంది కారు. పైన రంగు వెలిసిపోయింది గానీ బానెట్ ఎత్తేసరికి శ్యామ్ సుందర్ ఇంజను మీదికి వంగిపోయాడు. లోపల ఒక్క సాలెగూడు లేదు. గాలి బాగా పీల్చేలా పెద్ద ఫిల్టరు బిగించారు. వెనక లావుపాటి సైలెన్సర్ గొట్టం, గట్టి స్ప్రింగులు. చేత్తో నొక్కి చూశాడు, కారు లొంగలేదు.

“ఎవరు చేశారండీ?”

“గుంటూరు ఆటోనగర్‌లో ఖలీల్ అని ఉండేవాడు. పోయాడు పాపం.”

“ముందు ఎడమ సీటు వీపు కోసేశారే! బరువు తగ్గించడానికా? రేసు కార్లకి ఇట్లాగే చేస్తారు.”

“రేసే,” అన్నాడు మాబు సాహెబ్. నమాజు వేళయిందని వజూ చేసుకోవడానికి కాలు ఈడ్చుకుంటూ పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లాడు.

ఇదే సందని నసీమున్నీసా డబ్బాలో దాచిన రెండో తాళం తెచ్చి శ్యామ్ సుందర్ చేతిలో పెట్టింది. “చూసుకో బాబూ, టీ పెడతా,” అని లోపలికి పోయింది. ఒక మాట చెప్పాలని ఆమెకి తోచలేదు. తోచదు కూడా. ఆ సంగతి తెలియని మనిషి ఆ ఊళ్లో లేడు మరి.

శ్యామ్ సుందర్ కూర్చుని తాళం తిప్పాడు. పాక రేకులు అదిరాయి. వీడియోలో విన్నది దీని ముందు ఎందుకూ పనికిరాదు. గుండెల్లోకి దిగి గుప్పెట పట్టి ఊపినట్టుంది. యాక్సిలరేటర్ తొక్కాడు. మళ్లీ తొక్కాడు.

బయట ఎవరో కేక వేశారు. ఆ కేక మీద ఇంకో కేక. గేటు దభాలున తెరుచుకుని, తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు ఎర్రటి చేతులతోనే కల్లం వదిలేసి లోపలికి దూసుకొచ్చారు. వాళ్ల వెనక రోడ్డు మీద ఎండబోసిన మిరపకాయల పట్టాల్ని జనం గబగబా పక్కకి లాగేస్తున్నారు. ఎర్రగా ఉన్న సిమెంటు రోడ్డు చూస్తుండగానే తెల్లబడుతోంది. అందరికన్నా ముందొచ్చిన ఆదెమ్మ కొంగు జారిపోయినా చూసుకోలేదు.

“ఎవరికి? నసీమూ, ఎవరికే? మా పిల్లోడు పొద్దుననగా చేలో మందు కొట్టడానికి పోయాడు! వాడికేనా? చెప్పవే!”

మాబు సాహెబ్ తడి చేతులతో వచ్చి కిటికీలోంచి తాళం లాగేశాడు. చప్పుడు ఆగింది.

“ఎవరికీ ఏం కాలేదు ఆదెమ్మా. కారు చూడ్డానికొచ్చినోడు. కొత్తవాడు, తెలవదు.”

ఆదెమ్మ ఉన్నచోటే కూలబడింది. ఊపిరి తిరిగాక శ్యామ్ సుందర్ వైపు చూసింది. “నీ చేతులిరగ! ఇంకాస్తుంటే మా సాయిబన్న ఆ కారులో నన్నే ఎక్కించాల్సొచ్చేది గదరా!”

అంత భయంలోనూ ఎవరో కిసుక్కున నవ్వారు. శ్యామ్ సుందర్‌కి మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

టీ వచ్చింది. ఆదెమ్మ మొగుడు బాలస్వామి కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నమాజయ్యాక మాబు సాహెబ్ మంచం మీద టీ తాగుతుంటే, బాలస్వామే చెప్పుకొచ్చాడు.

మొదట్లో అంబాసిడర్ ఉండేదట. పత్తి నాశనమైన ఏడు, పురుగుమందు తాగిన ఒక రైతుని వేసుకుని గుంటూరు బయలుదేరితే చిలకలూరిపేట కూడా రాకముందే ఆ మనిషి చల్లబడిపోయాడు. వారం తిరక్కుండా మాబు సాహెబ్ ఆ బండి అమ్మేసి ఎస్టీమ్ తెచ్చాడు. ఖలీల్ దగ్గర పెట్టి, “నాకేం తెలవదు, ఇంకాస్త తొందరగా పోవాల” అన్నాడట. సీటు వీపు కోయించింది మనిషి కాళ్లు చాపి పడుకోవడానికి. గట్టి స్ప్రింగులు గుంటల్లో మనిషి ఎగిరిపడకుండా. హారన్ కొట్టే పని లేదు. ఆ చప్పుడు వినబడితే చాలు, బండ్లు పక్కకి తప్పుకునేవి, పట్టాలు పక్కకి జరిగేవి.

“నేనూ పడుకున్నాలే ఆ సీట్లో,” అన్నాడు బాలస్వామి. “తాగలా. మందు కొడుతుంటే ఎక్కింది. కళ్లు తెరిస్తే ఈయన పాట పాడుతున్నాడు. అంత గోరంగా పాడితే ఎవడికైనా మెలకువ వస్తది.”

అందుకే ఊళ్లో ఒక కట్టుబాటు పడింది. ఊరి లోపల ఆ ఇంజను మోగిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. ఉత్త రోజుల్లో కారుని తారురోడ్డు దాకా తోసుకుపోవాల్సిందే. పెళ్లికి అడిగినా అంతే. వేటపాలెం పిల్లని చేసుకున్న జాన్ బాషా చేత షేర్వానీతోనే మాబు సాహెబ్ కారు తోయించాడట. పూలదండ టైరు కింద పడి నలిగిపోతే పెళ్లికూతురి వాళ్లు నెలరోజులు ఎగతాళి చేశారు.

“ఇప్పుడు 108 వస్తోందిగా,” అంది నసీమున్నీసా. “ఈ గేటు కొట్టినోళ్లు లేరు.”

“మంచిదే కదండీ,” అన్నాడు శ్యామ్ సుందర్.

“మంచిదే, అల్లా దయ,” అన్నాడు మాబు సాహెబ్. “సాయంత్రాలే తోచి చావదు. గేటు చప్పుడైతే లేచి కూర్చుంటా. తీరా చూస్తే గేదె.”

గ్లాసు పక్కన పెట్టి శ్యామ్ సుందర్ వైపు తిరిగాడు.

“నీకెందుకు అబ్బాయ్ ఈ కారు?”

శ్యామ్ సుందర్‌కి అబద్ధం చేతకాదు. “చప్పుడు నచ్చిందండీ.”

“నాకెప్పుడూ నచ్చలా.”

ఇక ఇవ్వడనుకుని శ్యామ్ సుందర్ బైక్ తాళాల కోసం జేబు తడుముకున్నాడు. ముసలాయన మాత్రం మంచం పట్టె పట్టుకుని లేచాడు, పాకలోకి వెళ్లి పట్టా మడతపెట్టాడు, అద్దం మీద దుమ్ము చొక్కా చేతితో తుడిచాడు. ఆదెమ్మ గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచింది, ఎవరూ చెప్పకుండానే. తన జేబులోని తాళం తీసి మాబు సాహెబ్ శ్యామ్ సుందర్ అరచేతిలో పెట్టాడు గానీ, చెయ్యి వెంటనే వదల్లేదు.

“డబ్బు సంగతి మా ఆవిడతో తేల్చుకో. ఊరు దాటాక నీ ఇష్టం, ఎంతైనా మోగించుకో. తారురోడ్డు ఎక్కేదాకా మాత్రం స్టార్ట్ చెయ్యకు నాయనా. బాలస్వామి ఒక పక్క, నువ్వో పక్క తోయండి. బ్రేకుకి మా ఆవిడ ఉందిలే. స్టీరింగ్ దగ్గర నన్ను కూర్చోనీ.”