మేకుకు తొడిగిన మెట్టె

మద్రాసు చూలైలో వరదయ్యది వెండికి మెరుగుపెట్టే పని. కుంకుడు రసంలో నానబెట్టి, ఇత్తడి తీగల బ్రష్‌తో రుద్ది, ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ వెండికి పట్టిన నలుపు వదిలిస్తున్నాడు. మెట్టెలెందుకు నల్లబడతాయని అడిగిన ప్రతి ఆడమనిషికీ ఒకటే జవాబు: "ఒళ్ళు వేడమ్మా. చలవ చెయ్యి." ఆ మాట అతనికి వాళ్ళ నాయన చెప్పాడు. నాయనకెవరు చెప్పారో అతనెప్పుడూ ఆరా తీయలేదు. పెద్దల మాటల్లో సగం ఇట్లా ఎవరూ అడక్కపోబట్టే బతికేస్తుంటాయి.

తొంభై నాలుగులో ఆ మాటే తిరిగొచ్చి అతని గడప తొక్కింది. ఎన్నూరులో కాపురముంటున్న కూతురు కస్తూరిని, అత్త చెంగమ్మ ఆటోలో తెచ్చి దింపింది. పిల్ల కాళ్ళకు మెట్టెలు బొగ్గుముక్కల్లా ఉన్నాయి.

"పెళ్ళయి నాలుగు నెల్లే అన్నా. మూడుసార్లు తోమించినాం. ఒంట్లో ఏదో రోగముండాది. నయం చేయించి పంపు. లేదా, ఈడనే ఉంచుకో."

"ఒట్టి వేడి, వదినా..."

"వేడికి ఇంత నలుపా? నీ పనే కదా, నువ్వే చెప్పు!"

వరదయ్య కూతుర్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు రక్తం పరీక్ష చేసి ఏమీ లేదన్నాడు. కన్నతండ్రికే నమ్మకం కుదరలేదు, ఇక వియ్యపురాలికేం కుదురుతుంది?

నెల గడిచాక, బతిమాలుకుందామని కొత్త మెట్టెల జత జేబులో వేసుకుని ఎన్నూరు బస్సెక్కాడు. దిగీ దిగగానే ముక్కు మూసుకున్నాడు. వాగు బురదా, ఫ్యాక్టరీల పొగా కలిసి కుళ్ళిన కోడిగుడ్ల కంపు. రెండడుగులేసి ఆగిపోయాడు. వెండి చెంచాతో కోడిగుడ్డు తింటే చెంచా నల్లబడుతుంది. అట్లాంటివి వందలు తోమాడు. చెంచాకేం ఒళ్ళుందని వేడి చెయ్యడానికి?

చెంగమ్మ ఇంట్లో నేరుగా దేవుడి గూటి దగ్గరికెళ్ళాడు. వెండి కుంకుమ భరిణె నల్లగా నిగనిగలాడుతోంది.

"ఇదేంది వదినా?"

"ఎన్ని తడవలు తోమినా అంతే. నా చేతి గుణం."

వరదయ్య కొత్త మెట్టె ఒకటి తీసి కిటికీ పక్కన మేకుకు తొడిగాడు. "పది రోజులు దీన్ని ఎవరూ తాకొద్దు."

"పిచ్చా అన్నా నీకు?"

"ఆమా, పిచ్చే. పది రోజులు ఓర్చుకో."

రెండోది ఇంటికి తెచ్చి కస్తూరి వేలికి పెట్టాడు. పదకొండో రోజు ఆమెను వెంటబెట్టుకు వెళ్తే, మేకుకున్నది కాకిరెక్కలా ఉంది, కూతురి కాలిది తళతళమంటోంది.

"నీ మేకుకేం రోగమొచ్చింది వదినా?"

చెంగమ్మ మేకునూ, కోడలి కాలినీ మార్చి మార్చి చూసింది. "అయితే రోగం మా ఊరి గాలికా? అయ్యో, నేను ముప్పై ఏళ్ళుగా అదే పీలుస్తున్నానే!"

"మరి నన్నెందుకంటిరి అత్తా?" అంది కస్తూరి.

"అంటినిలే. ఇప్పుడేం, గాలికి దండం పెట్టమంటావా? లోపలికి రా, మీ నాయనకు కాఫీ పెట్టు."

కస్తూరి చెప్పులు విడిచి లోపలికెళ్ళింది. వరదయ్య గడపమీద కూలబడి, ఆ పాడు గాలినే గుండె నిండా పీల్చుకున్నాడు.