ఫ్లెక్సీ మీద మిగిలిన భుజం

తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఐదో ఏడు, వానాకాలం. విశాఖ నుంచి హైదరాబాద్ వస్తున్నాం. నేను ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కెప్టెన్ పక్కన కూర్చునే రెండో పైలట్‌ని. ఆ రోజు విమానం నడుపుతున్నది కెప్టెన్ శైలజ గారు, బెజవాడ ఆవిడ. ఒకరు నడుపుతుంటే రెండోవారు తెరల మీద అంకెలు చూస్తూ, కనిపించింది కనిపించినట్టు పైకి చెప్పాలి. విన్నవారు ఆ మాట తిరిగి పలకాలి. పలకలేదంటే వినలేదన్నట్టే, మళ్లీ చెప్పాలి. మా వృత్తిలో ఇది ఓనమాల్లాంటి నియమం.

శంషాబాద్‌లో దిగబోతూ ఆవిడ ఫ్లాప్స్ అడిగారు. ఫ్లాప్స్ అంటే రెక్కల వెనక అంచున కిందికి వాలే పలకలు. విమానం నెమ్మదిగా దిగాలంటే అవి వాలాలి. నేను మీట జరిపాను. తెర మీద అంకె మారలేదు.

"ఫ్లాప్స్ కదలట్లేదు మేడం."

"కదలట్లేదు. గో అరౌండ్," అన్నారావిడ. గో అరౌండ్ అంటే దిగడం మానుకుని మళ్లీ పైకి లేవడం.

ఫ్లాప్స్ లేకపోతే మామూలు కన్నా వేగంగా నేలను తాకాలి. రన్‌వే చూస్తే వానకు తడిసి ఉంది. నేను గబగబా చెక్‌లిస్ట్ తీశాను. ఆవిడ మాత్రం, "ఇంధనం బోలెడుంది మల్లేశ్, కంగారేం లేదు. చెక్‌లిస్ట్ నిదానంగా చదువు," అన్నారు. నేను ఒక్కో అంశం చదివాను, ఆవిడ ఒక్కోటీ చేశారు. దిగేటప్పుడు నేను వేగం చెబుతూ పోయాను. చక్రాలు గట్టిగా నేలను తాకాయి. రన్‌వే ఇంకా మిగిలి ఉండగానే విమానం ఆగింది. నా పని నేను తప్పు లేకుండా చేశాను, అది నిజమే. కానీ దింపింది ఆవిడ.

రన్‌వే పక్కన ఫైరింజన్లు నిలబడి ఉన్న వీడియో ఎవరో ప్రయాణికుడు వాట్సాప్‌లో పెట్టాడు. అది మా నార్కట్‌పల్లి దాకా పోయింది. బాపు ఫోన్ చేశాడు. మా బాపు గొర్రెలు కాస్తాడు. నేను పైలట్‌నయ్యాక మందలో గొర్రెలకు కూడా నా సంగతులు చెబుతాడని అమ్మ వెక్కిరిస్తుంది.

"నువ్వున్న విమానమేనా కొడుకా?"

"అవు బాపు. ఏం ఫికర్ లేదు, మంచిగనే దింపినం."

ఆ ముక్క చాలింది. విమానం దింపింది కొడుకేనని బాపు ఊరంతా చెప్పాడు. వారం తిరిగేసరికి ఊళ్లో కుర్రాళ్లు ఫంక్షన్ హాల్లో సన్మానం పెట్టారు. వెళ్లి చూద్దును కదా, గుమ్మం ముందు నిలువెత్తు ఫ్లెక్సీ. 'ప్రయాణికుల ప్రాణదాత' అని రాసి, కింద నా ఫోటో. అంతకుముందెప్పుడో నేను బాపుకు పంపిన కాక్‌పిట్ ఫోటో అది. అందులో నా పక్కన శైలజ గారు ఉండాలి. లేరు. ఆవిడను కత్తిరించేశారు. నా ముఖం పక్కన ఆవిడ భుజం ముక్క ఒక్కటి మిగిలింది. దాని మీద నాలుగు బంగారు పట్టీలు, కెప్టెన్‌కు ఉండేవి. నావి మూడే. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కదా అనుకున్నాను.

ముందు వరసలో బాపు. కొత్త ధోవతి, భుజాన గొంగడి, కళ్లలో నీళ్లు. నిజం చెబితే ఇంతమందిలో బాపు అబద్ధాలకోరవుతాడు. చెప్పకపోతే నేనవుతాను. శాలువా కప్పాక మైకు అందుకుని, "దింపింది నేను కాదు, మా కెప్టెన్ శైలజ గారు. నేను అంకెలు చూసి చెప్పాను, అంతే," అన్నాను.

"సూసిండ్రా! గింత పెద్ద పని జేసి గూడ ఎంత వినయమో!" అన్నాడు మైకు లాక్కున్న కుర్రాడు. హాలు చప్పట్లతో మోగిపోయింది. నేను మళ్లీ చెప్పలేదు. కూర్చున్నాను. నిజం చెప్పి కూడా అంత సిగ్గుపడాల్సి వస్తుందని అప్పటిదాకా తెలియదు.

జనం వెళ్లాక బాపు ఫ్లెక్సీ ముందు నిలబడ్డాడు.

"గా భుజం గామెదేనా? విమానం దింపినామెది?"

"అవు బాపు. ఆమెను కోసిందెవలు?"

బాపు నావైపు చూడలేదు. "నేనే కొయ్యమన్న. పెండ్లిగావాల్సిన పోరడివి, పక్కకు పరాయి ఆడామె ఉంటె సంబంధాలోళ్లు ఏమనుకుంటరో అనుకున్న. విమానంల నీళ్లిచ్చే పిల్లనుకున్న బిడ్డా."

బాపును తిట్టి ఏం లాభం? కెప్టెన్ ఒక ఆడమనిషి అని నేనే ఏనాడూ ఇంట్లో చెప్పలేదు. ఆవిడ కింద పనిచేస్తున్నానంటే ఊళ్లో నామోషీ అనుకున్నాను మరి.

ఆ ఫ్లెక్సీ ఫోటో శైలజ గారికీ చేరింది. క్షమాపణ అడుగుదామని ఫోన్ చేస్తే, "పోన్లే మల్లేశ్, భుజమైనా ఉంచారు," అని నవ్వారు. తల కొట్టేసినట్టయింది.

కాక్‌పిట్‌లో అయితే తిరిగి పలికేదాకా చెబుతాను. వేదిక మీద ఒక్కసారి చెప్పి, చప్పట్లు కొట్టగానే ఊరుకున్నాను. వినలేదని తెలిసీ ఊరుకోవడం చెప్పకపోవడంతో సమానమేనని ఆ రోజే నాకు తెలిసింది.

ఫ్లెక్సీని బాపు, బొమ్మ లోపలివైపు కనబడేలా, గొర్రెల దొడ్డికి పైకప్పుగా వేశాడు. దానికింద నిలబడి ఎవరైనా నా ఫోటో చూసి మెచ్చుకుంటే, బాపు కర్రతో ఆ నాలుగు పట్టీల్ని చూపిస్తాడు. "విమానం దింపింది గీమె. మావోడు పక్కకున్నడు," అంటాడు. అవతలివాళ్లు నవ్వి ఊరుకుంటే, మళ్లీ చెబుతాడు.